ధరల భారానికి ప్రభుత్వం ఇచ్చే ఊరటను ఇంటిదాకా తెచ్చుకోవడం ఎలా?

ద్రవ్యోల్బణం తగ్గిందని పొద్దున పేపర్లో చదివి, సాయంత్రం నెల్లూరు స్టోన్‌హౌస్‌పేటకు వెళ్లి నెల సరుకులు తెచ్చుకున్నవారికి ఆ వార్త మీద నమ్మకం కుదరదు. వార్త తప్పు కాదు, సరుకుల చీటీ కూడా తప్పు కాదు. దేశంలో చిల్లర ధరల ద్రవ్యోల్బణం 2022 ఏప్రిల్‌లో 7.79 శాతం, 2023 జూలైలో 7.44 శాతం, 2024 అక్టోబరులో 6.21 శాతం ఉండి, 2025 అక్టోబరులో 0.25 శాతానికి దిగింది. అయితే ఈ అంకె చెప్పేది నిరుటి ధర మీద ఈ ఏడాది ఎంత పెరిగిందన్న ఒక్క సంగతే. 2022లోనూ 2023లోనూ ఎక్కి కూర్చున్న ధర అలాగే ఉండిపోయి, దాని మీద కొత్తగా పెరగకపోయినా ద్రవ్యోల్బణం తగ్గినట్టే లెక్క. కాబట్టి అంకె తగ్గిందని ఖర్చు తగ్గుతుందని ఎదురుచూడకుండా, పెరిగిన ఖర్చుకు బదులుగా కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు ఏ రూపంలో ఏం ఇస్తున్నాయో, అది మీ ఇంటికి చేరకుండా ఎక్కడ ఆగిపోతున్నదో చూసుకోవడం మేలు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఉండే మధ్యతరగతి, పేద కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని ఆ పని ఏ వరుసలో చేయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

మొదట మీ ఇంటి ద్రవ్యోల్బణాన్ని మీరే లెక్కకట్టండి

మా ఇంట్లో పచారీ చీటీలను వంటింటి తలుపు వెనుక ఇనుప కొక్కేనికి గుచ్చి పెట్టే అలవాటు ఉంది. మీకు ఆ అలవాటు లేకపోతే ఫోనులో పాత చెల్లింపులు చూసినా సరిపోతుంది. నిరుడు ఇదే నెలలో మీరు కొన్న సరుకులను అవే పరిమాణాల్లో ఒక కాగితం మీద రాసుకుని, ఒక వరుసలో నిరుటి ధర, పక్క వరుసలో ఈ నెల ధర వేయండి. నిరుడు 6,000 రూపాయలైన అదే సరుకులకు ఈసారి 6,420 రూపాయలైతే మీ వంటింటి ద్రవ్యోల్బణం 7 శాతం. మొత్తం ఖర్చును మాత్రమే పోల్చకండి. చుట్టాలు వచ్చిన నెలలో నూనె రెండు ప్యాకెట్లు ఎక్కువ కొనడం ధర పెరగడం కాదు.

బియ్యం దగ్గర ఒక తిరకాసు ఉన్నది. 2022 జూలై 18 నుంచి లేబులు వేసి 25 కిలోల వరకు ప్యాకింగు చేసిన బియ్యం మీద 5 శాతం జీఎస్టీ పడుతున్నది. అంతకు మించిన సంచికి అది వర్తించదు. అందుకే మన వైపు మిల్లుల నుంచి 26 కిలోల బస్తాలు బయలుదేరాయి. నిరుడు 25 కిలోల బస్తా, ఈసారి 26 కిలోల బస్తా కొని బస్తా ధరను బస్తా ధరతో పోలిస్తే లెక్క తప్పుతుంది. కిలో ధరకు మార్చి రాసుకోండి.

సరుకుల కింద గ్యాసు, కరెంటు, పిల్లల చదువు, మందులు, రాకపోకలు, అద్దె, అప్పుల వాయిదాలు ఒక్కొక్కటిగా వేసి, దేని మీద ఎక్కువ పెరిగిందో గుర్తు పెట్టుకోండి. వీటిలో అద్దెకు తప్ప మిగతా ప్రతిదానికీ ఏదో ఒక రూపంలో ప్రభుత్వ చర్య ఉన్నది. ఊళ్లో అద్దెలు పెరిగినందుకు ఊరట ఇచ్చే పథకం మాత్రం నాకు కనబడలేదు.

రెండో పని: కార్డు, ఆధార్, బ్యాంకు ఖాతా

ఈ పని విసుగు పుట్టించేదే అయినా మిగిలినవన్నీ దీని మీదే నిలబడి ఉన్నాయి. రాష్ట్రంలో బియ్యం కార్డుకు అర్హత చూసే నిబంధనలు స్థూలంగా ఇవి: కుటుంబ ఆదాయం నెలకు పల్లెల్లో 10,000, పట్టణాల్లో 12,000 రూపాయలు మించకూడదు, మాగాణి 3 ఎకరాలు, మెట్ట 10 ఎకరాలు, రెండూ కలిపి 10 ఎకరాలు దాటకూడదు, కరెంటు వాడకం సగటున నెలకు 300 యూనిట్ల లోపు ఉండాలి, ట్యాక్సీ, ట్రాక్టరు వంటివి మినహా నాలుగు చక్రాల వాహనం, ఆదాయపు పన్ను చెల్లింపు, ప్రభుత్వోద్యోగం లేదా దాని పింఛను ఉండకూడదు, పట్టణంలో సొంత కట్టడం వెయ్యి చదరపు అడుగులకు లోబడాలి.

వీటిలో ఎక్కువ మందిని ఇబ్బంది పెట్టేది కరెంటు మీటరు. మా చిన్నమ్మ మూలాపేటలో ఒక ఇంటి వెనుక వాటాలో అద్దెకు ఉంటుంది. ఇంటివారి మీటరు నంబరు ఎప్పుడో సర్వేలో ఆమె ఆధార్‌కు జతపడింది. ఇంటివారు వేసవిలో రెండు ఏసీలు వాడేసరికి సగటు 300 దాటి, నెలకు నలభై యూనిట్లు కూడా కాల్చని ఆమె అనర్హురాలైంది. ఎందుకు ఆగిందో చెప్పడానికే ఒక కార్యాలయంలో మూడుసార్లు తిప్పారు. చివరకు ఆ సర్వీసు నంబరు ఎవరి పేరున ఉన్నదో చూపే బిల్లు తెచ్చి, తన ఆధార్ నుంచి దాన్ని విడదీయమని అర్జీ ఇస్తే రెండు నెలలకు సరయింది. మీరు అంతదాకా తెచ్చుకోకుండా, మీ వార్డు లేదా గ్రామ సచివాలయానికి వెళ్లి మీ ఆధార్ మీద ఏ మీటరు, ఎంత భూమి, ఏ వాహనం నమోదై ఉన్నాయో ముందే అడిగి చూసుకోండి. ఎప్పుడో అమ్మేసిన కారు ఇంకా మీ పేరునే ఉంటే రవాణా శాఖలో పేరు మార్పు పూర్తిచేయించండి.

కార్డులో పేరున్న ప్రతివారికీ ఈకేవైసీ (ఆధార్‌తో మనిషిని సరిచూసే నమోదు) అయిందో లేదో రేషను దుకాణంలోని ఈపోస్ యంత్రం దగ్గరే తెలుసుకోవచ్చు. పెళ్లయి వచ్చిన కోడలి పేరు పుట్టింటి కార్డు నుంచి తీయించి అత్తింటి కార్డులో ఎక్కించడం, పుట్టిన బిడ్డను చేర్చడం వాయిదా వేయకండి. ఒక్కొక్క పేరుకు నెలకు 5 కిలోల బియ్యం లెక్క.

ఇక బ్యాంకు ఖాతా సంగతి. నగదు బదిలీ డబ్బు మీరు రాసిచ్చిన ఖాతాకు కాక, ఆధార్‌తో చివరగా అనుసంధానమైన ఖాతాకు వెళుతుంది. పొదుపు సంఘం కోసం ఒకటి, ఉపాధి పనికి ఒకటి, పిల్లల ఉపకారవేతనం కోసం ఇంకొకటి తెరిచిన ఇళ్లలో డబ్బు పడలేదని అనుకుంటారు గాని, అది మరిచిపోయిన ఖాతాలో పడి ఉంటుంది. ఏ బ్యాంకుకు అనుసంధానమై ఉన్నదో ఆధార్ సంస్థ వెబ్‌సైటులో గాని, బ్యాంకులో గాని చూసి, వాడుకలో ఉన్న ఒక్క ఖాతాకు మార్పించుకోండి.

మూడో పని: తేదీలను గోడ క్యాలెండరు మీద రాసుకోండి

రేషను బియ్యం 2023 జనవరి నుంచి ఉచితం. ఆ ఏర్పాటును కేంద్రం 2024 జనవరి 1 నుంచి మరో ఐదేళ్లు పొడిగించింది. అంత్యోదయ కార్డుకు మనుషుల లెక్క లేకుండా 35 కిలోలు వస్తాయి. మన రాష్ట్రంలో 2025 జూన్ 1 నుంచి ఇంటింటికీ బండి రావడం ఆగి, తిరిగి చౌకధరల దుకాణాల్లోనే ఇస్తున్నారు. ప్రతి నెల 1 నుంచి 15వ తేదీ దాకా, ఉదయం 8 నుంచి 12, సాయంత్రం 4 నుంచి 8 గంటల వరకు దుకాణం తెరిచి ఉంచాలన్నది నిబంధన. అరవై ఐదేళ్లు దాటినవారికీ, దివ్యాంగులకూ డీలరు ఇంటికే తెచ్చి ఇవ్వాలి. పదిహేనో తేదీ వరకు ఆగకుండా మొదటి వారంలోనే వెళ్లండి. చేపలు శుభ్రం చేసే చేతులకూ, అంట్లు తోమే చేతులకూ వేలిముద్రలు అరిగిపోయి యంత్రం ఒక్కోసారి ఎంతకీ ఒప్పుకోదు. అప్పుడు కనుపాపతో ప్రయత్నించమని అడగాలి. తూకం అయ్యాక యంత్రం నుంచి వచ్చే చీటీని తప్పక తీసుకోండి. పంచదార, కందిపప్పు సరఫరా అన్ని నెలలూ ఉండదు, ఉన్న నెలలో వదులుకోకండి.

కనిగిరి, పామూరు ప్రాంతాల నుంచి బేల్దారి పనులకు హైదరాబాదు, బెంగళూరు వెళ్లే కుటుంబాలు కార్డు ఊళ్లో ఉందని అక్కడ బియ్యం కొనుక్కుంటూ ఉంటాయి. ఆహార భద్రతా చట్టం కింద ఉన్న కార్డయితే ఆ చట్టం లెక్కన వచ్చే బియ్యాన్ని వేరే రాష్ట్రంలోని రేషను దుకాణంలో కూడా వేలిముద్ర వేసి తీసుకోవచ్చు. రాష్ట్రం లోపల ఏ దుకాణమైనా సరే. కుటుంబంలో సగం మంది ఊళ్లో, సగం మంది పనిలో ఉంటే ఎవరి వాటా ఎక్కడ తీసుకుంటున్నారో ముందే మాట్లాడుకోండి; ఒకచోట మొత్తం తీసేస్తే రెండోచోట యంత్రం సున్నా చూపిస్తుంది.

గ్యాసు విషయంలో జాగ్రత్త ఇంకొంచెం ఎక్కువ కావాలి. 2024 నవంబరు 1న మొదలైన దీపం-2 పథకం కింద తెల్ల కార్డు, అంటే బియ్యం కార్డు, ఉన్న ఇంటికి ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితం. అయితే మూడింటినీ ఒకేసారి వాడుకోవడానికి వీల్లేదు: ఏప్రిల్ నుంచి జూలై వరకు ఒకటి, ఆగస్టు నుంచి నవంబరు వరకు ఒకటి, డిసెంబరు నుంచి మార్చి వరకు ఒకటి. గడువులో బుక్ చేయకపోతే ఆ సిలిండరు పోయినట్టే, తర్వాతి గడువుకు కలవదు. గ్యాసు పొదుపుగా వాడి, మధ్యాహ్నం వంటకు కట్టెల పొయ్యి వెలిగించే పల్లెటూరి ఇళ్లే ఇలా నష్టపోతున్నాయి. పొదుపుకు ఇది శిక్ష అనిపిస్తుంది గాని, నిబంధన అలా ఉంది. కాబట్టి సిలిండరు ఖాళీ కాకపోయినా గడువు చివరి నెల రాకముందే బుక్ చేయండి. డబ్బు మొదట మీరే కట్టాలి. రెండు రోజుల్లో తిరిగి ఖాతాకు జమ కావాలి. డెలివరీ చేసేవారు బిల్లు మీద ఉన్నదానికన్నా ఎక్కువ అడిగితే బిల్లు చూపించమని అడగండి. జమ కాకపోతే 1967కు ఫోను చేసి, కార్డు నంబరు, గ్యాసు వినియోగదారు నంబరు, బిల్లు తేదీ చెప్పండి.

మిగిలినవి క్లుప్తంగా చెబుతాను. వృద్ధాప్య, వితంతు పింఛను 4,000, దివ్యాంగులకు 6,000 రూపాయలు ఒకటో తేదీన అందుతుంది. తల్లికి వందనం కింద 2025లో ఒక్కొక్క విద్యార్థికి నిర్ణయించిన 15,000లో 13,000 తల్లి ఖాతాకు వెళ్లింది, తక్కిన 2,000 బడి నిర్వహణకు మినహాయించారు. 75 శాతం హాజరు ఉండాలి కాబట్టి పంటకోతల రోజుల్లో పిల్లల చేత బడి మాన్పించేముందు ఈ లెక్క గుర్తుంచుకోండి. స్త్రీశక్తి పథకం కింద 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ప్రయాణం ఉచితం. ఒంగోలు నుంచి నెల్లూరుకు వచ్చే బస్సు ఎక్కేముందు అది నాన్‌స్టాప్ కాదని చూసుకుని, గుర్తింపు కార్డు అసలుది చూపించి జీరో టికెట్టు తీసుకోండి. పట్టణానికి ఆసుపత్రి పని మీద వచ్చినవారికి అన్న క్యాంటీనులో భోజనం 5 రూపాయలు.

నాలుగో పని: కూరగాయలు, పప్పు, నూనె, ధాన్యం

ధర ఒక్కసారిగా ఎగబాకినప్పుడు ప్రభుత్వం చేసే పనులు కొన్ని మీ కళ్లముందు, కొన్ని ఓడరేవుల్లో జరుగుతాయి. కళ్లముందు జరిగేది రైతు బజారులో. 2023 జూలైలో టమాటా ధర మండిపోయినప్పుడు ప్రభుత్వమే కొని కిలో 50 రూపాయలకు రైతు బజార్లలో అమ్మించింది. 2024 జూలైలో కందిపప్పు కిలో 160 రూపాయలకు, సాంబ మసూరి బియ్యం రకాన్ని బట్టి 48, 49 రూపాయలకు ప్రత్యేక కౌంటర్లలో ఇచ్చింది. ఇలాంటివి వచ్చినంత హఠాత్తుగా ఆగిపోతాయి. కాబట్టి ధరలు పెరిగిన వారంలో నెల్లూరు పత్తేఖాన్‌పేట రైతు బజారుకు గాని, మీకు దగ్గరలోని బజారుకు గాని ఆధార్ కార్డు వెంట తీసుకుని ఉదయాన్నే వెళ్లి కౌంటరు ఉందేమో చూడండి. మామూలు రోజుల్లో కూడా ధరల బోర్డు చూసి రాసుకోవడం మంచిది; ఇంటి ముందుకు వచ్చే తోపుడు బండి దగ్గర బేరమాడడానికి ఆ కాగితం పనికొస్తుంది.

ఓడరేవుల్లో జరిగేది సుంకాల మార్పు. 2024 సెప్టెంబరు 14న కేంద్రం ముడి పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు నూనెల మీద మూల దిగుమతి సుంకాన్ని సున్నా నుంచి 20 శాతానికి పెంచింది; దసరా నాటికి వంటనూనె ప్యాకెట్టు ధర ఎందుకు మారిందో అందరికీ అనుభవమే. ఆ సుంకాన్నే 2025 మే 30న 10 శాతానికి తగ్గించింది. నూనెగింజల రైతు కోసం పెంచడం, కొనుగోలుదారు కోసం తగ్గించడం ఇలా మారుతూనే ఉంటుంది. సుంకం తగ్గిన వార్త చూసినప్పుడు డబ్బాల కొద్దీ నూనె కొని నిల్వ పెట్టకండి, పాత సరుకు తరిగాక ధర దిగే అవకాశం ఉంటుంది; పెరిగిన వార్త చూస్తే మాత్రం రెండు నెలలకు సరిపడా తెచ్చుకోవడంలో తప్పు లేదు.

బియ్యం దగ్గర మన జిల్లాల పరిస్థితి వేరు, ఎందుకంటే కోవూరు, బుచ్చిరెడ్డిపాళెం వైపు కొనేవారూ పండించేవారూ ఒకే ఇంట్లో ఉంటారు. ధరలు అదుపు చేయడానికి 2023 జూలై 20న బాస్మతి కాని తెల్ల బియ్యం ఎగుమతిని నిషేధించి, 2024 సెప్టెంబరులో ఎత్తేశారు. నిషేధం ఉన్నన్నాళ్లు తినేవారికి దక్కిన ఊరటలో కొంత పండించినవారి జేబులోదే అన్నది నా అభిప్రాయం. ఆ లోటు పూడాలంటే మద్దతు ధరను పుట్టిలోకి మార్చి చూసుకోవడం నేర్చుకోండి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. 2025-26కు క్వింటాలు మద్దతు ధర సాధారణ రకానికి 2,369, ఏ గ్రేడుకు 2,389 రూపాయలు. అంటే పుట్టికి సుమారు 20,136, 20,306 రూపాయలు. కళ్లం దగ్గరకు వచ్చిన దళారి పుట్టికి ఎంత అంటున్నాడో, తేమ పేరు మీద ఎన్ని కిలోలు తీస్తున్నాడో దీని పక్కన పెట్టి చూసి, తేడా ఎక్కువగా ఉంటే రైతు సేవా కేంద్రంలో నమోదు చేసుకుని అమ్మండి. పెట్టుబడి సాయంగా అన్నదాత సుఖీభవ, పీఎం కిసాన్ కలిపి ఏడాదికి 20,000 ఇస్తామని చెప్పి, మొదటి విడత 7,000 రూపాయలను 2025 ఆగస్టు 2న ప్రకాశం జిల్లా దర్శి మండలం తూర్పు వీరాయపాలెంలో విడుదల చేశారు. పడనివారు 155251కు ఫోను చేసి అడగవచ్చు.

ఐదో పని: బిల్లులను చదవండి

2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. సబ్బులు, షాంపూలు, టూత్‌పేస్టు, తలనూనె, బిస్కట్లు 18 నుంచి 5 శాతానికి, నెయ్యి, వెన్న 12 నుంచి 5 శాతానికి దిగాయి. వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా మీద పన్ను పూర్తిగా పోయింది. పన్ను 13 శాతం తగ్గింది కాబట్టి ధర కూడా 13 శాతం తగ్గాలని కొందరు దుకాణదారుతో తగాదా పడుతున్నారు. అసలు ధర 100 రూపాయలైతే మునుపు 118కి అమ్మేవారు, ఇప్పుడు 105కు అమ్మాలి. 118 మీద 13 అంటే తగ్గుదల 11 శాతం. ఈ లెక్కకు దగ్గరగా రాకుండా పాత రేటే తీసుకుంటే, బిల్లు ఫొటోతో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ప్యాకెట్టు ధర అలాగే ఉంచి బరువు పెంచిన సరుకులూ ఉన్నాయి గనుక గ్రాములు కూడా చూడండి.

కరెంటు బిల్లులో ఇంటి వాడకానికి మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, తర్వాత 75 దాకా 3 రూపాయలు, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75, ఆపైన 9.75 రూపాయలు. ఇవి మెట్లు, 226వ యూనిట్ కాలిస్తే మొత్తం వాడకం 8.75 కిందకు పోదు, ఆ ఒక్క యూనిట్‌కే ఆ రేటు. 225 యూనిట్లకు విద్యుత్ ఛార్జీ 1,017 రూపాయలవుతుంది, దాని మీద స్థిర ఛార్జీ, సర్దుబాటు ఛార్జీలు కలుస్తాయి. రోహిణి కార్తెలో ఏసీ వేసే ఇళ్లు పై మెట్టులో కాల్చే వంద యూనిట్లే 875 రూపాయలు తింటాయి. సొంత డాబా ఉన్నవారు పీఎం సూర్యఘర్ కింద సౌర విద్యుత్ పలకలు పెట్టించుకుంటే కేంద్రం 1 కిలోవాటుకు 30,000, 2 కిలోవాట్లకు 60,000, 3 లేదా ఆపైన 78,000 రూపాయల రాయితీ ఇస్తున్నది. నెలకు 150 యూనిట్లు దాటనివారికి దీనివల్ల పెద్దగా కలిసిరాదని నా అంచనా. నెల్లూరు జిల్లాలో దక్షిణ డిస్కంను (విద్యుత్ పంపిణీ సంస్థను), ఒంగోలు వైపు మధ్య డిస్కంను సంప్రదించాలి. ఫిర్యాదుల నంబరు రెండింటికీ 1912.

ఆరో పని: అప్పు వాయిదా, జీతం

ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర, అటూ ఇటూ 2 శాతానికి మించకుండా ఉంచడం రిజర్వు బ్యాంకు బాధ్యత. ధరలు పెరిగినప్పుడు రెపో రేటును, అంటే తాను బ్యాంకులకు ఇచ్చే అప్పు మీద వడ్డీని, 2022 మే నుంచి 2023 ఫిబ్రవరి మధ్య 4 నుంచి 6.5 శాతానికి పెంచింది. 2025 ఫిబ్రవరి నుంచి తగ్గిస్తూ ఆ డిసెంబరుకు 5.25కు తెచ్చింది. పెంచినప్పుడు మీ ఇంటి అప్పు వడ్డీ పెరిగింది కదా, తగ్గించినప్పుడు తగ్గిందా? 2019 అక్టోబరు తర్వాత బ్యాంకు ఇచ్చిన చర వడ్డీ (మారే వడ్డీ) గృహ రుణం రెపో వంటి బయటి ప్రామాణిక రేటుకు ముడిపడి, కనీసం మూడు నెలలకోసారి సవరింపు జరగాలి. అంతకుముందు తీసుకున్నవారు పాత పద్ధతిలోనే ఉండిపోయి ఉంటారు. బ్యాంకుకు వెళ్లి కొత్త పద్ధతిలోకి మార్చమని అడిగి, మార్పు రుసుము ఎంతో రాతపూర్వకంగా తీసుకోండి. వడ్డీ పెరిగిన రోజుల్లో వాయిదా సొమ్ము మార్చకుండా గడువు పొడిగించి ఉంటారు కాబట్టి, ఇంకా ఎన్ని నెలలు కట్టాలో కూడా అడగండి.

రైసు మిల్లులు, దుకాణాలు, హోటళ్లలో పనిచేసేవారికి ఒక సంగతి తెలియదు. కనీస వేతనంలో మారే కరువు భత్యాన్ని కార్మిక శాఖ ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్ 1నా అక్టోబరు 1నా, ధరల సూచీని బట్టి సవరిస్తుంది. ప్రభుత్వోద్యోగికి డీఏ పెరిగిందని వార్త వస్తుంది గాని, దీని గురించి ఎవరూ చెప్పరు. మీ పనికి తాజా రేటు ఎంతో కార్మిక శాఖ సహాయ అధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి.

ఎక్కడైనా ఆగిపోతే

మొదట సచివాలయంలో, ఆ తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సేవలకు పెట్టిన మన మిత్ర వాట్సాప్ నంబరు 95523 00009లో ప్రయత్నించండి. అప్పటికీ కదలకపోతే సోమవారం కలెక్టరేటులో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లండి. నెల్లూరులో తిక్కన ప్రాంగణంలో, ప్రకాశం వారికి ఒంగోలు కలెక్టరేటులో. రాలేనివారికి 1100 ఫోను నంబరు ఉన్నది. అర్జీలో నాలుగు కష్టాలు కలిపి రాయకుండా ఒక్క సమస్య, ఒక్క పథకం, ఆగిన నెల, కార్డు నంబరు రాసి, ఆధార్, బ్యాంకు పుస్తకం మొదటి పేజీ జిరాక్సులు జతచేయండి. రసీదు మీద ఉన్న అర్జీ సంఖ్యను ఇంట్లో వేరే కాగితం మీద కూడా రాసి పెట్టుకోండి. సమస్య తీరకుండానే పరిష్కరించినట్టు సందేశం వస్తే, అదే సంఖ్య మీద అర్జీని మళ్లీ తెరిపించమని అడగాలి. కొత్త అర్జీ ఇస్తే మళ్లీ మొదటి బల్ల దగ్గరి నుంచి మొదలవుతుంది.